కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు

ఊరికి గ్రంథాలయ మొక కన్నైనచో వ్యాయామశాల రెండవ కన్ను. ఆ రెండవ కంటికి వెలుగు నిచ్చిన ఆంధ్రులలో అగ్రగణ్యుడు కోడి రామమూర్తి నాయుడు.

ఇతడు 1882లో వీరఘట్టమున జన్మించెను. ఆ గ్రామము నాడు మదరాసు రాజధానిలోనిది. నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో నున్నది. తండ్రి వెంకన్న నాయుడు. పసితనముననే తల్లిని గోల్పోయిన బాలుని, విజయనగరమున పోలీసు శాఖలో నున్న పినతండ్రి నారాయణస్వామి నాయుడు పెంచెను. బాలునకు చదువుకంటె మల్లవిద్యపై మక్కువ హెచ్చు. పినతండ్రి దాని కడ్డుపడక, మదరాసు చెంత సైదాపేటకు పంపి వ్యాయామోపాధ్యాయ శిక్షణ నిప్పించెను. పిమ్మట రామమూర్తి తాను చదివిన విద్యాలయముననే ఉపాధ్యాయుడయ్యెను.

దేహము పెంపొందుటకు పెను బరువులు కొద్దిసార్లెత్తుట మేలా, తేలిక శ్రమను పలుమారులు చేయుట మేలా యను వాదము నాడును గలదు, నేడును గలదు. యూరపు మల్లుడు యూజెన్ శాండో 1897లో వెలువరించిన గ్రంథమున తేలిక డంబెల్సుతో పలుమారులు చేయు సాధనను బోధించెను. 1904-05లో మన దేశమున కూడ సంచరించెను. మన తాలింఖానాలలోనైతే ఇనుప గుండ్లకంటె దండీలకు, బస్కీలకే ప్రాధాన్యము. వీనికి సాధకుని దేహమే బరువు. రామమూర్తియు ఈ త్రోవనే త్రొక్కి, దానికి ప్రాణాయామమును, ఏకాగ్రతను జోడించెను. శాకాహారమునే భుజించెను.

అయినను అతడు బరువును విడిచినవాడు కాడు. ఇరువదియొకటవ యేట రొమ్ముపై ఒకటిన్నర టన్నుల బరువు మోసెననియు, పిదప మూడు టన్నులవరకు పోయెననియు చెప్పుదురు. గమనింపదగినది ఆ మెట్టువెనుక మెట్టు. ఒక్కనాటి సాహసముతో ఆ మెట్లెక్క వీలులేదు.

తరువాత సర్కస్ సంఘమును స్థాపించి దేశమెల్ల సంచరించెను. రొమ్ముపై పలక పరచి ఏనుగు నెక్కించుకొనుట, ఛాతికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి త్రెంచుట, కదలు మోటారుకారును ఆపుట అతని ప్రసిద్ధ ప్రదర్శనములు. పలక బరువును విస్తరింపజేయును. దానిని భరించు ఊపిరి పట్టు మాత్రము సాధకునిదే. జనులతనిని కలియుగ భీముడనిరి.

ఇటీవలి శాస్త్ర పరిశోధనములు పై వాదమునకు ఇట్లు సమాధానము చెప్పుచున్నవి: తేలిక బరువైనను, పెను బరువైనను, కండరము అలసి ఇక కదలలేని స్థితికి చేరువగునంతవరకు శ్రమించినచో కండ యొకే రీతిగా పెరుగును. ఒక్క ఊపున అత్యధిక భార మెత్తగల సత్తువకు మాత్రము పెను బరువుల సాధనయే మిన్న. కావున రెండు త్రోవలును సత్యములే. అర్ధమనస్కమైన సాధన మాత్రము దేనికిని పనికిరాదు.

విధి క్రూరమైనది. కాలికి పుండు లేచి, శస్త్రచికిత్సతో ఒక కాలు తీసివేయవలసి వచ్చెను. ఆర్జించినదంతయు కరగెను. ఏనుగును మోసిన వీరుడు చివరి దినములను ఒరిస్సాలోని బలాంగీరులో గడపి, 1942లో కన్నుమూసెను. శ్రీకాకుళమున అతని పేర క్రీడాంగణమును, విశాఖపట్టణమున శిలావిగ్రహమును వెలసినవి.

అల్వాలు యువకులారా! ఇనుప బరువులు కొనలేమని వెనుదీయవలదు. దండీలకు జానెడు నేల చాలును. నేడు పది, రేపు పదునొకటి. రామమూర్తి ఎక్కిన మెట్లు అవియే.