ఒకే బొమ్మ.. ఎన్నో భాషలు
చందమామను ఎల్లలు దాటించిన తెనాలి చక్రపాణి

హోసూరులో గానీ, బళ్లారిలో గానీ, బరంపురంలో గానీ తెలుగువాళ్ల పాత ఇంట్లో అటక దులిపితే అట్టలు ఊడిన చందమామలు కనబడటం మామూలే. ఇంట్లో తెలుగు, వీధిలో వేరే భాష. తెలుగు బడి దగ్గర్లో లేని చోట ఎంతోమంది పిల్లలకు ఒత్తులు, గుణింతాలు పట్టుబడింది ఆ పుస్తకాలతోనే. బొమ్మ చూసి కథ ఊహించుకోవడం, ఊహించింది నిజమో కాదో తేల్చుకోవడానికి అక్షరాలు కూడబలుక్కోవడం.. అలా సాగేది చదువు. ఆ ఏర్పాటు వెనకున్న మనిషి చక్రపాణి. సినిమావాళ్లకు ఆయన విజయా చక్రపాణి. పిల్లలకు మాత్రం ఆయన పేరుతో పని పడలేదు. కథ దొరికితే చాలు.

మంచాన పడి నేర్చిన భాష

చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908 ఆగస్టు 5న తెనాలిలో రైతు కుటుంబంలో పుట్టారు. చక్రపాణి అన్నది హిందీ పండితుడు వ్రజనందన శర్మ పెట్టిన కలం పేరు. కుర్రవయసులోనే ఆయనకు క్షయ సోకింది. అప్పటికి ఆ జబ్బుకు మందు లేదు. మంచి గాలి, బలమైన తిండి, విశ్రాంతి.. వైద్యమంటే అంతే. 1932లో మదనపల్లె శానిటోరియంలో చేరారు. లేస్తామో లేదో తెలియని మంచం మీద చాలామంది రోజులు లెక్కపెట్టుకుంటారు. ఆయన అక్కడ బెంగాలీ నేర్చుకున్నారు.

బతికి బయటపడ్డాక ఆ భాషే బతుకుదారి చూపింది. శరత్‌చంద్ర చటోపాధ్యాయ నవలలను వరసగా తెలుగు చేశారు. గ్రాంథికం బరువు లేకుండా, నలుగురూ మాట్లాడుకునే తెలుగులో రాశారు. శరత్‌బాబు తెలుగు రచయితే అనుకున్నవాళ్లు చాలామంది ఉండేవారట. పరాయి కథ కూడా మన మాటల్లో చెబితే మనదైపోతుందన్న సంగతి చక్రపాణికి అక్కడే తెలిసింది. తర్వాత ఆయన చేసిన పనులన్నింటికీ అదే మూలం.

తెనాలి నుంచి యువ మాసపత్రిక తెచ్చారు. సినిమా మాటలు రాయడానికి కొల్హాపూర్ దాకా వెళ్లారు. అక్కడ తయారైన ధర్మపత్ని 1941లో విడుదలైంది. స్వర్గసీమకు మాటలు రాయడానికి మద్రాసు వచ్చి, కడప జిల్లా నుంచి వచ్చి ప్రెస్సు నడుపుతున్న బి.నాగిరెడ్డితో జతకట్టారు. ఆ జంట చివరిదాకా విడిపోలేదు.

మలుపు దగ్గర బొమ్మ

1947 జులైలో, స్వాతంత్య్రానికి నెల ముందు, చందమామ తొలి సంచిక వచ్చింది. తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామ. రెండేళ్లకు కన్నడం, హిందీ తోడయ్యాయి. మరాఠీలో చాందోబా, ఒడియాలో జన్హమాము, మలయాళంలో అంబిళి అమ్మావన్ తర్వాత వచ్చాయి. కథలు ముందు తెలుగులో సిద్ధమై, మిగతా భాషల్లోకి వెళ్లేవి. బొమ్మ మాత్రం ఒకటే. పక్కపక్క వీధుల్లో ఉండే తెలుగు పిల్లవాడు, తమిళ పిల్లవాడు ఒకే బొమ్మ చూసేవారు, ఒకే కథ చదివేవారు. లిపి ఒక్కటే తేడా.

ఇప్పుడు పాత కథలను గ్రాఫిక్ నవలలుగా పిల్లలకు అందిస్తున్నారు. గళ్లు గీసి, మాటలు బుడగల్లో పెట్టే పద్ధతి చందమామ కథలది కాదు. కానీ కథ భారంలో సగం బొమ్మ మోయాలన్న ఆలోచన అక్కడ మొదటి నుంచీ ఉంది. దాదాపు ప్రతి పేజీలో బొమ్మ. అది కూడా ముస్తాబు కోసం కాదు, కథ మలుపు తిరిగే చోట. చదవడం రాని పసివాడు పేజీలు తిప్పినా కథ కొంతైనా అందాలి. లోపలి బొమ్మలకు తమిళులైన చిత్ర, శంకర్, ముఖచిత్రాలకు కర్ణాటకకు చెందిన ఎం.టి.వి. ఆచార్య, శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య పేరుపడ్డారు. శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకు నడిచే విక్రమార్కుణ్ని శంకర్ గీసిందే ఇప్పటికీ అందరికీ గుర్తు.

1952 నుంచి సంపాదకత్వం భారం మోసింది కూడా తెనాలి మనిషే, కొడవటిగంటి కుటుంబరావు. పత్రికలో ఆయన పేరు సంపాదకుడిగా వేసేవారు కాదు. ఎవరు పంపిన కథైనా ఆయన చేతిలో పడి చందమామ భాషలోకి మారాల్సిందే. బేతాళుడి పాత కథలు పాతికతో అయిపోయినా కొత్తవి అల్లుతూ పోయారు. హోమర్ ఒడిస్సీ ఇక్కడ రూపధరుడి యాత్రలు అయింది. గ్రీకు పేరు నోరు తిరగక పిల్లవాడు పుస్తకం మూసేయకూడదు కదా!

ఇదే జంట విజయా సంస్థ పెట్టి 1951లో పాతాళభైరవి తీసింది. తోటరాముడు, మాంత్రికుడు, కోరిన కోర్కె తీర్చే బొమ్మ.. తెర మీదికి వచ్చిన చందమామ కథలాగే ఉంటుంది. మిస్సమ్మ, మాయాబజార్, గుండమ్మ కథ తర్వాతి సంగతి. ఇంత సినిమా సందడిలోనూ చక్రపాణి పత్రికను వదల్లేదు. 1975 సెప్టెంబర్ 24న కన్నుమూశారు.

ఆగిన పత్రిక, మిగిలిన పని

చందమామ 1998లో ఆగింది. మరుసటి ఏడు మళ్లీ మొదలైంది. 2007లో చేతులు మారింది. 2013 తర్వాత మళ్లీ రాలేదు. సరిహద్దు అవతలి తెలుగు ఇళ్లకు ఆ లోటు ఎక్కువ. తమిళనాడులో 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అవుతూ వచ్చి, 2015-16కు పదో తరగతికి చేరింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవాల్సిందే, అందులో నష్టం లేదు. కానీ తెలుగు మాట్లాడటం వచ్చి, చదవడం రాని పిల్లలు ఇంటికొకరు తయారవుతున్నారు.

వాళ్లకు పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. తెలిసిన కథ, నోటికొచ్చిన మాటలు, పక్కన మంచి బొమ్మ చాలు. చక్రపాణి చేసిందీ అదే. ఆ అటక మీది కట్ట కిందికి దించి, దుమ్ము దులిపి, పిల్లల చేతిలో పెట్టే పని మాత్రం ఇంట్లోవాళ్లది.