విప్పి చూసి నేర్చిన ఉస్తాద్ జి.డి. నాయుడు

అనంతపురం జిల్లాలో బోరుబావిని నమ్ముకుని బతికే రైతుకు కోయంబత్తూరు పేరు కొత్త కాదు. వానలు మొహం చాటేసే ఈ మెట్ట నేలలో చీనీ తోట నిలవాలన్నా, నాలుగు మడులు తడవాలన్నా భూమి అడుగు నుంచి నీళ్లు తోడే మోటారే దిక్కు. ఆ మోటార్లకు, పంపులకు దేశమంతటా పేరు మోసిన ఊరు కోయంబత్తూరు. దానికి ఆ పేరు రావడానికి పునాది వేసిన వారిలో ఒకరు తెలుగు ఇంటి బిడ్డ. ఆయన ఇంజనీరింగు చదవలేదు. ఆయన బడి చదువు ప్రాథమిక తరగతులు దాటలేదు. ఆయనే గోపాలస్వామి దొరస్వామి నాయుడు. జి.డి. నాయుడుగా ప్రసిద్ధికెక్కి, భారతదేశపు ఎడిసన్ అనిపించుకున్నారు.

మోటారు సైకిలే పాఠశాల

నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో పుట్టారు. తరతరాలుగా తమిళనాట స్థిరపడినా ఇంట్లో తెలుగే మాట్లాడే వ్యవసాయ కుటుంబం వారిది. పసితనంలోనే తల్లి పోయింది. బడి అంటే పిల్లవాడికి గిట్టలేదు. అల్లరివాడన్న పేరు మాత్రం తెచ్చుకున్నాడు. చదువు అబ్బని ఈ పిల్లవాడు ఎందుకూ కొరగాడని ఊరివాళ్లు అనుకుని ఉంటే వారిని తప్పు పట్టలేం.

ఒకనాడు ఆ ఊరి దారిన ఒక తెల్ల అధికారి రడ్జ్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి తనంతట తాను పోతోంది! ఆ దృశ్యం కుర్రవాడి మనసులో నాటుకుపోయింది. అటువంటి బండి కొనాలన్న పట్టుదలతో కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వరుగా చేరాడు. కొన్నేళ్లపాటు పైసా పైసా కూడబెట్టి చివరకు మోటారు సైకిల్ కొన్నాడు.

ఇంకొకరైతే దాని మీదెక్కి ఊరంతా తిరిగేవారు. నాయుడు దాన్ని మర మరా విప్పి నేల మీద పరిచాడు. మళ్లీ బిగించాడు. విప్పడం ఎవరికైనా చేతనవుతుంది. బిగించాక బండి నడవాలంటే మాత్రం ప్రతి ముక్క ఎక్కడిదో, ఎందుకుందో తెలిసి ఉండాలి. ఆ తెలివిని ఆయన ఏ తరగతిలోనూ కూర్చోకుండా సంపాదించాడు. ఆ బండే ఆయనకు కితాబు, ఆయన చేతులే ఆయనకు ఉస్తాద్.

తర్వాత మెకానిక్ పని చేశారు. పత్తి వ్యాపారంలో డబ్బు సంపాదించారు, బొంబాయిలో అదే వ్యాపారంలో పోగొట్టుకున్నారు. చేయి ఖాళీ అయినా చేతిలోని పని పోదు కదా! కోయంబత్తూరు పారిశ్రామికవేత్త స్టేన్స్ దొర చేయూతతో 1920లో ఒక బస్సు సంపాదించి పొల్లాచ్చి, పళని మధ్య తానే నడిపారు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీసుగా పెరిగి, క్రమశిక్షణకు పేరుపొందిన పెద్ద రవాణా సంస్థ అయింది.

మోటారు, రేడియో, కారు

ఆ రోజుల్లో కరెంటు మోటారు కావాలంటే విదేశాల నుంచి ఓడలో రావలసిందే. నిజానికి మోటారు సూత్రం చిన్నది. రాగి తీగ చుట్టలో కరెంటు పారితే అది అయస్కాంతమవుతుంది. ఆ అయస్కాంతపు లాగుడుకు లోపలి ఇరుసు తిరుగుతుంది. కష్టమంతా ఆ చుట్టను, ఆ ఇనుమును, ఆ బేరింగును లెక్క తప్పకుండా తయారు చేయడంలో ఉంది. 1937లో పీలమేడులోని నాయుడు గారి కర్మాగారంలో, డి. బాలసుందరం నాయుడుతో కలిసి ఆ పని సాధించారు. దేశంలో తయారైన తొలి కరెంటు మోటారుగా దానిని చెప్పుకుంటారు. బాలసుందరం నాయుడు తర్వాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించారు. ఒక ఉస్తాద్ షెడ్డు నుంచి ఇంకో ఉస్తాద్ బయటికి రావడమంటే ఇదే.

నాయుడు గారి చూపు సామాన్యుడి ఇంటి మీదే ఉండేది. డ్రై సెల్‌తో తిరిగే చిన్న మోటారు అమర్చి 'రాసంట్' అనే గడ్డం గీసుకునే యంత్రం చేశారు. పండ్ల రసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, ఓట్లు నమోదు చేసే యంత్రం ఆయన ఆలోచనలోంచి వచ్చినవే.

రేడియో సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అది ఇంట్లో రేడియో పెట్టుకోవడానికి లైసెన్సు కట్టవలసిన కాలం. సెట్టు ధనికుల ఇళ్లకే పరిమితం. ఏరియల్‌కు తగిలిన సన్నని సంకేతాన్ని వాల్వులు ఒకదాని తర్వాత ఒకటి అందుకుని, పెంచి, మాటను విడదీసి స్పీకరుకు అందిస్తాయి. అటువంటి అయిదు వాల్వుల సెట్టును 70 రూపాయలకే దేశంలో తయారు చేయగలనని 1941లో నాయుడు ప్రకటించారు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును 2,000 రూపాయల ధరకు రూపొందించారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో ఆ కారు రోడ్డెక్కలేదు.

కాలు అడ్డం పెట్టినవి లైసెన్సులు మాత్రమే కాదు, పన్నులూ తోడయ్యాయి. 1950లలో ఆయన నిరసనగా తాను తయారు చేసిన వస్తువులను తానే జనం ముందు పగలగొట్టారు. చేసిన చేతులతోనే విరగ్గొట్టడం చూడటానికి బాగుండే పని కాదు, మెచ్చుకోవలసిన పద్ధతీ కాదు. అయితే పని తెలిసిన మనిషికి దారి మూసేస్తే దేశం ఏమి పోగొట్టుకుంటుందో ఆ ముక్కలు అందరికీ చూపించాయి.

రెండేళ్లు చాలన్న ప్రిన్సిపాల్

బడి మానేసిన మనిషే 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట వెలసిన సాంకేతిక విద్యాసంస్థకు విరాళమిచ్చి, దానికి ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఇంజనీరింగుకు నాలుగేళ్లు అక్కర్లేదని, చేతితో పని చేయిస్తూ నేర్పితే రెండేళ్లు చాలునని ఆయన వాదించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదులుకున్నారు. నేడు అదే సంస్థ ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా నడుస్తోంది. ఆయన 1974 జనవరి 4న కన్నుమూశారు. ఆయన యంత్రాలను, సేకరణలను కోయంబత్తూరులోని ప్రదర్శనశాలలో నేటికీ చూడవచ్చు.

మన ఇళ్లకు ఇందులో ఏముంది?

మెకానిక్ షెడ్లలో, మోటార్లు రివైండింగ్ చేసే దుకాణాల్లో పెద్ద పనివాణ్ని ఉస్తాద్ అనీ, నేర్చుకునే కుర్రవాణ్ని షాగిర్ద్ అనీ పిలవడం మనకు తెలిసిందే. ఆ పనిని చదువు రానివాడి గతిగా చూడటం కూడా మనలో ఉంది. హునర్ చదువుకు శత్రువు కాదు. చదువు తోడైతే అది మరింత పదునెక్కుతుంది. నాయుడుకు చదువు తక్కువ కావడం గొప్ప కాదు, ఆ లోటును రోజూ చేతితో, బుద్ధితో పూడ్చుకోవడం గొప్ప. కనుక పిల్లల్ని బడి మాన్పించడానికి ఆయన జీవితాన్ని సాకుగా వాడుకోరాదు.

పాడైపోయిన రేడియోనో, ఫ్యానునో విప్పాలని పిల్లవాడు గానీ ఆడపిల్ల గానీ ముచ్చటపడితే గసరకండి. ఇంట్లో ఒక మూల చోటివ్వండి. కొన్ని షరతులు మాత్రం పెట్టండి. ప్లగ్గు పీకనిదే స్క్రూడ్రైవరు ముట్టకూడదు. ప్లగ్గు పీకినా పాత వాల్వు రేడియోలో, టీవీలో కరెంటు కాసేపు దాగి ఉంటుంది, కాబట్టి పని తెలిసిన పెద్దవాళ్లు లేకుండా వాటిని తెరవకూడదు. ఏ మర ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసుకోవాలి. విప్పినదాన్ని మళ్లీ బిగించాలి.

ఈ చివరి షరతే అన్నిటికన్నా ముఖ్యం. ఆనాడు ఆ మోటారు సైకిల్ ముక్కలు ముక్కలుగానే మిగిలి ఉంటే మనం ఈ రోజు జి.డి. నాయుడు పేరు తలచుకునేవాళ్లమే కాదు.