చూపు పోయాక తేల్చిన లెక్క

పిల్లలూ, ముందు కాగితం మీద ఈ సంఖ్య రాసుకోండి: 214,74,83,647. ముప్పై ఒక్క 2లను గుణించి, వచ్చినదాంట్లోంచి 1 తీసేస్తే ఇదే వస్తుంది. ఇది ప్రధాన సంఖ్య. 1 తోనూ, తనతోనూ తప్ప ఇంక దేనితో భాగించినా శేషం మిగులుతుంది. 1772లో ఈ సంగతి తేల్చిన మనిషికి అప్పటికి కళ్ళు దాదాపు కనపడవు. ఆయన పేరు లియొనార్డ్ ఆయిలర్.

పుట్టింది 1707లో, స్విట్జర్లాండ్ దేశంలోని బాసెల్‌లో. తండ్రి చర్చి పాస్టర్. కొడుకూ అదే పని చెయ్యాలని ఆయన కోరిక. కుర్రాడికేమో లెక్కల పిచ్చి. యోహాన్ బెర్నూలీ అనే పెద్ద గణితవేత్త ఇతనికి రోజూ పాఠం చెప్పలేదు. కష్టమైన పుస్తకాలు చదువుకోమని, అర్థం కానివి శనివారం మధ్యాహ్నం వచ్చి అడగమని చెప్పాడు. శనివారం ఎక్కువ అడగాల్సి రాకుండా వారమంతా తనే తంటాలు పడేవాడట ఆ పిల్లవాడు. ట్యూషన్ల మీద ట్యూషన్లు పెట్టించే తల్లిదండ్రులు ఈ మాట కొంచెం గమనించాలి.

ఇరవయ్యో ఏట రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాడు. అంతకు వందేళ్ళ కిందట ఫెర్మా అనే గొప్పాయన, ముప్పై రెండు 2లను గుణించి 1 కలిపితే వచ్చే 429,49,67,297 ప్రధాన సంఖ్యే అని నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపించాడు. దీని వెనక ఉన్న కిటుకును తర్వాత నిరూపించాడు కూడా. ఈ సంఖ్యకు కారణాంకం ఏదైనా ఉంటే, దాన్ని 64తో భాగించినప్పుడు శేషం 1 రావాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అంటే అయిదో భాగహారానికే దొరికిపోతుంది!

1738లో జబ్బు చేసి కుడి కన్ను పోయింది. మధ్యలో పాతికేళ్ళు బెర్లిన్‌లో ఉండి, 1766లో మళ్ళీ పీటర్స్‌బర్గ్ వచ్చాక రెండో కంటికి శుక్లం కమ్మింది. 1771లో ఆపరేషన్ చేస్తే కొన్నాళ్ళు చూపు వచ్చి, పుండు పడి పూర్తిగా పోయింది. అదే ఏడు ఇల్లు తగలబడితే, వాళ్ళ ఊరి మనిషే ఒకడు ఈయన్ని మోసుకుని బయటికి తెచ్చాడు.

ఆ మరుసటి ఏడే మన 214 కోట్ల సంఖ్య. మామూలుగా అయితే 46,340 లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. అవి వేలల్లో ఉన్నాయి. ఆయిలర్ ఇక్కడా ముందు వడపోశాడు. 248తో భాగిస్తే శేషం 1 గానీ 63 గానీ వచ్చేవాటిని చూస్తే చాలు, మిగతావాటితో పని లేదు. ఆ కొద్ది వాటిలో ఒక్కటీ భాగించలేదు. ఎన్నో దశాబ్దాల పాటు మనిషికి తెలిసిన ప్రధాన సంఖ్యల్లో అతి పెద్దది ఇదే. 2014లో ఒక కొరియా పాట వీడియోను చూసినవాళ్ళ లెక్క ఈ సంఖ్య దాటిపోతుంటే, యూట్యూబ్ వాళ్ళు తమ లెక్కింపు పద్ధతే మార్చుకోవాల్సి వచ్చింది.

ఆయన రాసినదాంట్లో దాదాపు సగం చూపు పోయాక వచ్చిందే. కొడుకులకీ శిష్యులకీ నోటితో చెప్పి రాయించేవాడు. 1783 సెప్టెంబరులో, కొత్తగా కనిపెట్టిన యురేనస్ గ్రహం దారి గురించి మాట్లాడిన రోజే కన్నుమూశాడు.

641ని 67,00,417తో గుణించి చూడండి. ఫోను వద్దు. చేసినవాళ్ళు శనివారం కాగితం తెచ్చి నాకు చూపించండి.