వంపుకి లెక్క కట్టిన ఇంజినీర్

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఆటో స్పేర్‌పార్ట్స్ షాపుల ముందునుంచి ఎప్పుడైనా నడిచారా? ఒకే మోడల్ కారు ఫెండర్లు పది పక్కపక్కన పెట్టినా వంపులో తేడా కనపడదు. మనకది మామూలే. కానీ డిజైనర్ గీసిన వంపుని ప్రెస్ డై దాకా చెక్కుచెదరకుండా తీసుకెళ్లడం ఒకప్పుడు కార్ల కంపెనీలకి పెద్ద తలనొప్పి. ఆ తలనొప్పిని తగ్గించినవాళ్లలో ముఖ్యుడు పియర్ బెజియే. క్యాడ్ ల్యాబ్‌లో మనం బెజియర్ కర్వ్ అంటామే, అది ఈయన పేరే.

బెజియే 1910 సెప్టెంబర్ 1న పారిస్‌లో పుట్టారు. తండ్రి, తాత ఇద్దరూ ఇంజినీర్లే. 1930లో మెకానికల్, ఆ మరుసటి ఏడాది ఎలక్ట్రికల్ చదువు పూర్తిచేసి, 1933లో రెనో కంపెనీలో టూల్ సెట్టర్‌గా చేరారు. అంటే మెషీన్‌లో కటింగ్ టూల్ బిగించి సరిచూసే పని. తర్వాత టూల్ డిజైన్‌కి మారారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకి ఖైదీగా చిక్కారు. తిరిగొచ్చాక రెనో 4సీవీ కారు భాగాలు తయారుచేసే ట్రాన్స్‌ఫర్ లైన్ల మీద పనిచేశారు. 1960లో కంప్యూటర్ వైపు చూసేసరికి ఆయనకి యాభై ఏళ్లు. షాప్ ఫ్లోర్ కష్టం మొత్తం తెలిసిన మనిషి.

అప్పట్లో కారు బాడీ ఎలా తయారయ్యేదంటే, స్టైలిస్ట్ బొమ్మ గీస్తాడు. దాన్నిబట్టి మట్టితో మోడల్ చేస్తారు. దాని కొలతలు తీసి ఫుల్ సైజు డ్రాయింగ్ వేస్తారు. డ్రాయింగ్ చూసి మాస్టర్ మోడల్, దాన్ని చూసి డై. ఒక్కో అడుగులో కొంచెం కొంచెం తేడా చేరేది. డ్రాయింగ్ కరెక్టా, మోడల్ కరెక్టా అంటే తేల్చడం కష్టం. చివర్లో తప్పు బయటపడితే మళ్లీ వెనక్కి వెళ్లాల్సిందే. కారు మార్కెట్‌కి రావడం ఆలస్యమయ్యేది ఇలాంటిచోటే.

బెజియే ఆలోచన ఏంటంటే, ఆకారాన్ని అంకెల్లో దాచాలి. స్టైలిస్ట్‌కీ మెషీన్‌కీ అవే అంకెలు ఆధారం కావాలి. మరి స్టైలిస్ట్ సమీకరణాలు పట్టుకుని కూర్చోడుగా! అందుకే కంట్రోల్ పాయింట్లు. గీత మొదటి, చివరి పాయింట్ల గుండా వెళ్తుంది. మధ్యలోవి దాన్ని తమవైపు లాగుతాయి, అంతే. ఒక పాయింట్ జరిపితే గీత నునుపు పోకుండా వంగుతుంది. వెనకాల బెర్న్‌స్టెయిన్ పాలినామియల్స్ ఉన్నాయని డిజైనర్‌కి తెలియక్కర్లేదు.

అమెరికా వాళ్లే చేయనిది మనవల్ల అవుతుందా అన్న అనుమానం సొంత కంపెనీలోనే ఎదురైంది. ఆయన వదల్లేదు. యూనిసర్ఫ్ అనే ఆ సిస్టమ్ 1968లో రెనోలో పూర్తిస్థాయిలో వాడకంలోకి వచ్చింది. డిజైన్ మారిస్తే అంకెలు మారతాయి, ఆ అంకెలతోనే మెషీన్ కొత్త మోడల్ కోస్తుంది. చేత్తో కొలిచి మళ్లీ గీసే పని తప్పింది. టైం తగ్గింది ఇక్కడే.

ఇంకో పేరు కూడా చెప్పకపోతే అన్యాయం. సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్తెల్జో 1959లోనే ఇదే గణితాన్ని వేరే దారిలో పట్టుకున్నారు. కంపెనీ దాన్ని రహస్యంగా ఉంచింది. బెజియే తన పనిని ప్రచురించారు కాబట్టి గీతకి ఆయన పేరు నిలిచింది. ఆ గీతని లెక్కగట్టే అల్గారిథమ్‌కి మాత్రం కాస్తెల్జో పేరే ఉంది.

42 ఏళ్ల సర్వీసు తర్వాత 1975లో బెజియే రెనో వదిలారు. సరే ఇక విశ్రాంతే అనుకుంటాం కదా? 1977లో, 66 ఏళ్ల వయసులో గణితంలో డాక్టరేట్ తీసుకున్నారు! 1999 నవంబర్ 25న కన్నుమూశారు.

కారు బాడీ కోసం పుట్టిన ఆ గీత అక్కడితో ఆగలేదు. కంప్యూటర్ ఫాంట్లలో అక్షరాల అంచులు కూడా ఇలాంటి కర్వ్‌లతోనే గీస్తారు. మన తెలుగు అక్షరాల్లో ఉన్నన్ని గుండ్రాలకి అది ఎంత అవసరమో వేరే చెప్పాలా? ఒకసారి ఈ పేజీని బాగా జూమ్ చేసి, ఏదైనా ఒక ‘ళ’ దగ్గర ఆగి చూడండి. ఎంత పెద్దది చేసినా మెలిక నునుపుగానే ఉంటుంది.