స్ప్రింగుతో రాజీపడని తాల్యోని

క్యామ్ మార్చేస్తే బండి ఎగిరిపోతుంది అనుకునేవాళ్ళు మన మెకానికల్ బ్రాంచ్‌లో చాలామందే ఉన్నారు. మరి దానికి సరిపోయే వాల్వ్ స్ప్రింగు ఏది అని అడిగితే మాత్రం సగం మంది ఫోన్లు చూసుకుంటారు. ఆ ప్రశ్న వెంటపడి చదువుతుంటే నాకు దొరికిన మనిషి ఫాబియో తాల్యోని. డుకాటి అభిమానులకి ఈ పేరు కొత్త కాదు. మిగతావాళ్ళ కోసం చెప్తున్నా.

తాల్యోని 1920లో ఇటలీలోని లూగోలో పుట్టారు. యుద్ధం మధ్యలో అడ్డుపడినా 1948లో బొలోన్యాలో ఇంజనీరింగ్ పూర్తిచేశారు. ఇమోలాలో టెక్నికల్ స్కూల్లో పాఠాలు చెప్పే రోజుల్లోనే ఒక 75 సీసీ ఇంజన్ గీశారు. దాన్ని చెకాటో అనే కంపెనీ తీసుకుంది. తర్వాత కొన్నాళ్ళు మోండియాల్‌లో పనిచేసి, 1954లో డుకాటిలో చేరారు. ఒకప్పుడు రేడియో విడిభాగాలు చేసిన కంపెనీ అది. ఆయన గీసిన 100 సీసీ గ్రాన్ స్పోర్ట్ మరుసటి ఏడాదే మోటోజీరో రేసులో తన క్లాసు గెలిచేసింది. ఆ బండికి 'మరియాన్నా' అని ముద్దుపేరు. దాంట్లో హెయిర్‌పిన్ వాల్వ్ స్ప్రింగులు బయటికే కనిపిస్తుంటాయి.

చిక్కంతా ఆ స్ప్రింగుల దగ్గరే. క్యామ్ వాల్వుని తెరుస్తుంది, అంతవరకే దాని పని. మూసేది స్ప్రింగు. ఇంజన్ 12,000 ఆర్‌పీఎంలో ఉంటే క్యామ్‌షాఫ్ట్ అందులో సగం, అంటే సెకనుకి 100 చుట్లు. సెకనుకి 100 సార్లు వాల్వు వెళ్ళి రావాలి! క్యామ్ ముక్కు దగ్గర వాల్వుని ఆపి వెనక్కి తిప్పే బలం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. 10,000 నుంచి 12,000కి వెళ్ళారనుకోండి, వేగం 20 శాతమే పెరిగింది, బలం మాత్రం 44 శాతం ఎక్కువ కావాలి. అది లేకపోతే రాకర్ క్యామ్‌ని వదిలేసి గాల్లో తేలుతుంది. దీన్నే వాల్వ్ ఫ్లోట్ అంటాం. పిస్టన్ పైకొచ్చేసరికి వాల్వు ఇంకా తెరుచుకునే ఉంటే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

గట్టి స్ప్రింగు పడేస్తే పోలా? పోదు. క్యామ్ ముక్కు అరుగుతుంది, రాకర్ మీద భారం పడుతుంది, ఇంజన్ పవర్‌లో కొంత ఆ స్ప్రింగుని నొక్కడానికే పోతుంది. లిఫ్ట్ ఎక్కువున్న క్యామ్ వేస్తే చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోయి కాయిల్ బైండ్ అవుతుంది. పైగా స్ప్రింగుకి తనదైన కంపనం ఒకటుంది. క్యామ్ ఆ తాళానికి దగ్గరగా తడితే స్ప్రింగు దానంతటదే ఊగిపోతుంది. అందుకే క్యామ్ కొనేటప్పుడు వాల్వు మూసుకున్నప్పుడు ఎంత బలం, పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎంత, ఏ ఎత్తులో బిగించాలి అన్నవి చూసుకునే స్ప్రింగు ఎంచాలి. నా లెక్కలో ఇది ఎప్పటికీ బేరమే. ఒకవైపు గెలిస్తే ఇంకోవైపు ఎంతో కొంత వదులుకోవాల్సిందే.

తాల్యోని ఆ బేరానికే ఒప్పుకోలేదు. తెరిచేది క్యామే అయినప్పుడు మూసేది కూడా క్యామే ఎందుకు కాకూడదు అన్నది ఆయన పట్టు. డెస్మోడ్రోమిక్ అనే ఈ ఆలోచన ఆయన కనిపెట్టింది కాదు. మెర్సిడెస్ 1954, 55లలో తన డబ్ల్యూ196 రేసు కారులో వాడింది. కానీ దాన్ని 125 సీసీ బండిలో ఇమిడ్చింది మాత్రం ఈయనే. మూడు క్యామ్‌షాఫ్ట్‌లు పెట్టారు. అటూ ఇటూ ఉన్నవి తెరవడానికి, మధ్యలోది మూయడానికి. 1956లో స్వీడన్‌లోని హెడెమొరాలో మొదటి రేసుకే జాన్నీ దెల్యి ఆంతోనీ దాని మీద గెలిచేశాడు. కొద్ది వారాలకే మోంజాలో ప్రాక్టీసు చేస్తూ చనిపోయాడు. మరియాన్నా మీద మోటోజీరో క్లాసు గెలిచింది కూడా అతనే. చదువుతూ నేను ఆగిపోయిన చోటు ఇదే. మనం లెక్కల్లో ఆర్‌పీఎం అని రాసేస్తాం గానీ, ఆ ఆర్‌పీఎం మీద కూర్చుని ఒక కుర్రాడు ఉంటాడు.

తాల్యోని పని ఆపలేదు. 1958లో మోంజాలో 125 క్లాసులో మొదటి ఐదు స్థానాలూ డుకాటివే. ఛాంపియన్‌షిప్ మాత్రం ఎంవీ అగుస్తా మీద ఉబ్బియాలి ఎగరేసుకుపోయాడు. తర్వాత కంపెనీ రేసుల నుంచి వెనక్కి తగ్గింది. డెస్మో మామూలు కొనుగోలుదారుడి చేతికి రావడానికి 1968 దాకా ఆగాల్సి వచ్చింది. 1972లో ఇమోలా 200 మైళ్ళ రేసులో ఆయన 750 వి-ట్విన్‌లే మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి, పాల్ స్మార్ట్, బ్రూనో స్పజ్జారి. ఒకప్పుడు తాను పాఠాలు చెప్పిన ఊళ్ళో గెలుపు కదా, ఎలా అనిపించి ఉంటుందో!

అలాగని రోడ్డు బళ్ళన్నిటికీ డెస్మో పెట్టలేదు. 750 జీటీలో మామూలు స్ప్రింగులే. ఎందుకంటే డెస్మోలో తెరిచే వైపు, మూసే వైపు రెండు క్లియరెన్సులూ సరిచూడాలి. సర్వీసుకి టైమూ ఖర్చూ ఎక్కువ. బేరం ఇక్కడ కూడా ఉంది, కాకపోతే మెకానిక్ జేబు వైపు నుంచి.

తాల్యోని 2001 జూలైలో బొలోన్యాలో కన్నుమూశారు. డుకాటి మోటోజీపీ బళ్ళలో ఇప్పటికీ డెస్మోనే. కానీ 2020లో చూపించిన మల్టీస్ట్రాడా వి4 ఇంజన్‌లో అదే కంపెనీ మళ్ళీ వాల్వ్ స్ప్రింగులు పెట్టింది. వాల్వ్ క్లియరెన్స్ చెక్ 60,000 కిలోమీటర్లకి ఒకసారి చాలట.