పాతయింట కొత్తవెలుగు: కందుకూరి వీరేశలింగము పంతులుగారు

రాజమహేంద్రవరమున ఒక పాతయిల్లు కలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన ఆ యింటనే జన్మించిరి. ఆ యింటి చరిత్రయు, ఆయన జీవితచరిత్రయు వేరు కావు.

నాలుగేండ్ల ప్రాయమున ఆయనకు పితృవియోగము కలిగెను. తల్లి పున్నమ్మగారి పెంపకమున, పెదతండ్రిగారి అండన పెరిగి, విద్య ముగించి ఉపాధ్యాయులైరి. 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పిరి. ఆ యేడే వివేకవర్ధని పత్రికను ప్రారంభించిరి. పిదప రాజమహేంద్రవర కళాశాలలో తెలుగు పండితులైరి.

బాల్యముననే పసుపు కుంకుమలు కోల్పోయిన బాలికల దుఃఖము ఆయనను నిలువనీయలేదు. 1879లో స్త్రీ పునర్వివాహము శాస్త్రసమ్మతమని ఉపన్యసించిరి. శాస్త్రములను కాలదన్నక, వానినే శోధించి, పరాశరస్మృతి ప్రమాణముగా వాదించిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. 1881 డిసెంబరు 11వ తేదీన గౌరమ్మ, గోగులపాటి శ్రీరాములు అను వధూవరులకు పంతులుగారి స్వగృహముననే వివాహము జరిగెను.

పురము క్షోభించెను. వెలి విధించిరి. వంటవారు రారైరి, నీరు తెచ్చువారు మానిరి. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికేగి బిందెలతో నీరు తెచ్చి, వండి వడ్డించిరి. విద్యార్థులు కావలి కాచిరి. గోడలవే, గడపయదే, కాని పూర్వులు కాపురమున్న యిల్లు నిరాశ్రయులకు నీడయయ్యెను.

1906లో హితకారిణీ సమాజమును స్థాపించి పంతులుగారు తమ యాస్తిని లోకహితమునకు ధారపోసిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు గతించిరి. 1919 మే 27వ తేదీన పంతులుగారు మదరాసున దివంగతులైరి.

ఆ జన్మగృహమును పడగొట్టి ఆ స్థలమున కొత్త మేడ కట్టుట కష్టము కాదు. అట్లు చేయక, దానిని స్మారక ప్రదర్శనశాలగా నిలిపిరి. పాతకట్టడమును కూల్చినచో కాల్చిన యిటుక, కోసిన కలప, కూలివాని చెమట, అన్నియు మన్నుపాలగును. మరల అంత సామగ్రియు కొత్తగా తేవలెను. మరమ్మతు చేసి కొత్త పనికి వినియోగించినచో వ్యయముతోపాటు స్మృతియు నిలుచును. నేడు ప్రపంచమున వాస్తుశిల్పులు బోధించుచున్నదియు ఇదియే.

పంతులుగారు శాస్త్రము విషయమున చేసినదియు నట్టిదే. పాత మంత్రములతోనే కొత్త జీవితమునకు ద్వారము తెరచిరి. చోడవరము వంటి ప్రతి యూరను పాతకట్టడములు కలవు. వానిని కూల్చుటకు ముందు, అవి ఎవరికి నీడ కాగలవో ఒక్కమారు యోచించుట మన విధి.