శిలాముద్రణ పితామహుడు సెనెఫెల్డరు

గ్రంథాలయమునకు వచ్చిన పాఠకుడు పుస్తకము వ్రాసినవాని పేరు చూచును. ముద్రణాలయము పేరును ఒక్కొక్కప్పుడు చూచును. కాని అందలి బొమ్మయు, దేశపటమును కాగితముపైకి ఏ విధమున వచ్చినవో విచారించువారు అరుదు. చాకలిపద్దు వ్రాసికొనుటకు ఇంట కాగితపు ముక్కయైన లేని దినమున దానిని రాతిపై వ్రాసి, ఆ వ్రాతనుండియే లోకమునకు ఒక నూతన ముద్రణ విద్యను ప్రసాదించిన మహనీయుడు అలోయిస్ సెనెఫెల్డరు.

అతడు 1771 నవంబరు 6వ తేదీన ప్రేగ్ నగరమున జన్మించెను. తండ్రి పీటరు నటుడు. అతడు మ్యూనిక్ నగరపు నాటకశాలలో చేరుటచే కుటుంబము బవేరియా దేశమున స్థిరపడెను. కుమారునకు నాటకములపై మక్కువ మెండు. అయినను తండ్రి అతనిని న్యాయశాస్త్రము చదువుటకై ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయమునకు పంపెను. కొలది కాలమునకే తండ్రి మరణించెను. చదువు నిలిచిపోయెను. తల్లిని, తోబుట్టువులను పోషింపవలసిన భారము ఇరువది యేండ్ల యువకునిపై బడెను. అతడు నటుడై తిరిగెను, నాటకములు వ్రాసెను. కాని అచ్చుకూలి చెల్లించిన పిదప చేత మిగులునది స్వల్పము. తన రచనలను తానే అచ్చువేసికొన్నచో కుటుంబము గడచునని అతడు తలచెను. అక్షరములు కొనుటకు గాని, యంత్రము కొనుటకు గాని ధనము లేదు.

ఆనాడు వాడుకలో నున్న పద్ధతులు ముఖ్యముగా రెండు. మొదటిది ఉబ్బెత్తు అచ్చు: సీసపు అక్షరములయందును, కొయ్య దిమ్మెలయందును పైకి లేచియున్న భాగమునకే సిరా అంటి కాగితముపై పడును. రెండవది రాగిరేకు అచ్చు: రేకుపై చెక్కిన గీతలలో సిరా నింపి, పైభాగమును తుడిచి, తడిపిన కాగితమును పరచి గట్టిగా అదిమినచో, మెత్తనైన ఆ కాగితము గీతల లోతులలోనికి దిగి సిరాను పైకి లాగుకొనును. సెనెఫెల్డరు ఈ రెండవ మార్గమును ఎన్నుకొని, రాగిరేకుపై అక్షరములను తలక్రిందులుగా వ్రాయ నభ్యసించెను. రేకును మాటిమాటికి అరగదీసి నునుపుచేయుట శ్రమ. అది పలుచబడుట నష్టము. సిరా నూరుటకై కొనిన సున్నపురాతి పలక ఒకటి అతని యింట నుండెను. బవేరియాలో నేలకు పరచెడి ఆ రాయి మిక్కిలి నునుపైనది. అభ్యాసమునకు అదియే చౌకయని అతడు దానిపై వ్రాయసాగెను.

1796వ సంవత్సరమున ఒకనాడు తల్లి వచ్చి చాకలికి వేయు బట్టల పద్దు వ్రాయుమనెను. చాకలి స్త్రీ వేచియున్నది. ఇంట నున్న కాగితమంతయు అచ్చు ప్రయోగములకే వ్యయమైపోయెను. మైనము, సబ్బు, దీపపు మసి చేర్చి చేసిన సిరాతో అతడు ఆ పద్దును రాతిపై వ్రాసి యుంచెను. పిదప తుడిచివేయబోవుచు, ఆమ్లము పోసినచో ఏమగునో చూతమని పోసెను. సిరా ఉన్నచోటును ఆమ్లము తినలేదు. తక్కిన రాయి దిగిపోయెను. అక్షరములు పేకముక్క మందమున పైకి లేచెను. వానికి సిరా పూసి కాగితముపై అచ్చు తీయగలిగెను.

విద్య దొరకినది గాని పెట్టుబడి లేదు. ధనికుడొకనికి మారుగా సైన్యమున చేరినచో లభించు సొమ్ముతో యంత్రము కొనదలచి అతడు ఇంగోల్‌స్టాట్ వెళ్లెను. ప్రేగ్ నగరమున జన్మించినవాడు బవేరియా వాడు కాడని అచట అతనిని త్రోసిపుచ్చిరి. నిరాశతో మరలిన అతనికి, నాసిగా అచ్చైన సంగీతపు కాగితము కంటబడుటచే, స్వరలిపికి తన రాయి తగునని తోచెను. సంగీతకర్త ఫ్రాంజ్ గ్లైస్నరు తోడు నిలిచెను. అతని పాటలే రాతినుండి వెలువడిన తొలి ప్రచురణములు.

అయినను ఇది ఇంకను ఉబ్బెత్తు అచ్చే. నిజమైన శిలాముద్రణమునకు దారి చూపినది కాగితమే. తలక్రిందుల వ్రాత కష్టమగుటచే, కాగితముపై సరిగా వ్రాసి దానిని రాతిపైకి దింపుటకు అతడు లెక్కలేనన్ని ప్రయోగములు చేసెను. ఆ సందర్భమున పాత పుస్తకపు అచ్చు పుట నొకదానిని బంకనీటిలో తడిపి, దానిపై నూనెసిరా అద్ది చూచెను. అచ్చు అక్షరములు మాత్రమే సిరాను గ్రహించెను; తడిసిన తెల్లని భాగము దానిని నిరాకరించెను. కాగితమున జరిగినది రాతిపై ఏల జరుగరాదని అతడు తలచెను. జిడ్డుసిరాతో రాతిపై వ్రాసి, పలుచని ఆమ్లమును, బంకనీటిని పట్టించి, రాయిని తడిపి సిరా రోలరు నడిపెను. జిడ్డు జిడ్డును చేరదీసినది. నీరు జిడ్డును త్రోసివేసినది. ఎత్తు లేదు, పల్లము లేదు. చదునైన తలమునుండియే అచ్చు వచ్చెను. 1798 నాటికి ఈ మూడవ పద్ధతి అతనికి స్వాధీనమైనది.

1799లో బవేరియా ప్రభువు అతనికి ప్రత్యేక హక్కు నొసగెను. ఒఫెన్‌బాఖ్ నగరపు సంగీత ప్రచురణకర్త ఆండ్రే అతనితో పొత్తు కుదుర్చుకొనెను. 1801లో లండనులో హక్కుపత్రము లభించెను. కాని సెనెఫెల్డరునకు కనిపెట్టుట తెలిసినంతగా వర్తకము తెలియదు. వియన్నాలో ఈ పద్ధతిని నూలుబట్టల అద్దకమునకు వినియోగింప జూచి నష్టపోయెను. అతని విద్యవలన పలువురు బాగుపడిరి. 1809లో బవేరియా భూమి కొలతల శాఖవారు తమ శిలాముద్రణాలయమునకు అతనిని పర్యవేక్షకునిగా నియమించిన పిదపనే అతనికి కుదురైన జీవనము లభించెను. ఆ శాఖ కొరకు వేలకొలది రాళ్లపై గ్రామపటములు లిఖింపబడెను.

1818లో అతడు తన విద్యను మర్మమేమియు దాచక గ్రంథముగా ప్రకటించెను. మరుసటి యేడే అది ఆంగ్లమున వెలువడెను. సిరాల పాళ్లు, రాతిని ఎన్నుకొను విధము, అచ్చుకు కాగితమును సిద్ధపరచు తీరు అన్నియు అందు వివరింపబడినవి. బరువైన రాతికి మారుగా, మట్టి, సుద్ద, నూనె మొదలగువాని పూత పట్టించిన కాగితపు అట్టలపై అచ్చువేయుటకును అతడు యత్నించెను. తుదివరకు రంగుల ముద్రణమునకై పాటుపడుచు, 1834 ఫిబ్రవరి 26వ తేదీన మ్యూనిక్ నగరమున మరణించెను.

అతని విద్య భారతదేశమునకును చేరెను. అచ్చు అక్షరములకు లొంగని ఉర్దూ లేఖన సౌందర్యము హైదరాబాదు మొదలగు నగరములలో రాతి అచ్చున నిలిచెను. 1894లో బొంబాయిలో నెలకొల్పబడిన రవివర్మ ముద్రణాలయము, రంగునకొక రాయి చొప్పున అచ్చువేసి, లక్ష్మీ సరస్వతుల చిత్రములను సామాన్యుల గోడలపైకి తెచ్చెను. తరువాత రాతి స్థానమున లోహపు రేకును, నడుమ రబ్బరు దుప్పటియు చేరి ఆఫ్‌సెట్ ముద్రణమైనను, నీటికిని జిడ్డునకును గల వైరమే దానికిని మూలము.

సెనెఫెల్డరునకు మిగిలిన ధనము స్వల్పము. కాగితము కొరవడిన యింట పుట్టిన విద్యను దాచుకొనక గ్రంథస్థము చేసినందుననే అది దేశదేశములకు వ్యాపించెను. ఒకనికి తెలిసినది పదుగురకు పంచిపెట్టు గ్రంథాలయ ధర్మమునకు అతని జీవితము తగిన దృష్టాంతము.